తూము లెక్కయు యంత్రపు లెక్కయు



సంఖ్యను పలుకుటకు నోరు చాలును. వ్రాయుటకు చోటు కావలెను. ఎంత చోటు కావలెననునది చూచుటకు చిన్న ప్రశ్నవలె నుండును గాని, లెక్కలు పుట్టిననాటినుండి లెక్కగాండ్రనందరిని వేధించిన ప్రశ్న యదియే. చిన్న సంఖ్యకు ఒక యంకె చాలును. పెద్దదానికి పది యంకెలు వలయును. అన్నిటికిని పదేసి గళ్లు గీసి యుంచినచో చిన్నవాటికడ చోటు వ్యర్థమగును. పదునొకండవ యంకె వచ్చిననాడు గడి చాలక లెక్క చెడును. అట్లుగాక, ఏ సంఖ్యకు ఎంత వలయునో అంత చోటే యిచ్చినచో, ఒక సంఖ్య యెక్కడ ముగిసినదో, రెండవది యెక్కడ మొదలైనదో తెలుపు గుర్తు వేరుగా నుండవలెను. మొదటి పద్ధతిని స్థిరదైర్ఘ్యమనియు, రెండవదానిని చరదైర్ఘ్యమనియు పిలుచుకొందము. నేడు బ్యాంకులోను, తహసీలు కచేరిలోను, మనుమని చేతి ఫోనులోను పనిచేయు కంప్యూటరునకు ఈ రెండు పద్ధతులును ప్రాణములు. ఐతే ఈ తగవు దానితో పుట్టినది కాదు. మన పల్లెల ధాన్యపు గాదెలకడ, పాత లెక్కల పుస్తకములలో, దానికి చక్కని పరిష్కారమొకటి యుండెను. ఆ చరిత్రనే నేడు మనవి చేయదలచితిని.

మొదట మన పండితుల మార్గము చూతము. శాసనములలోను, జ్యోతిషగ్రంథములలోను సంవత్సరములను మాటలతో చెప్పు ఆచారము కలదు. శశి యనిన ఒకటి, నేత్రములనిన రెండు, వేదములనిన నాలుగు, వసువులనిన ఎనిమిది, గగనమనిన సున్న. దీనిని భూతసంఖ్య యందురు. ఇందలి విశేషమేమనగా, ఒకట్ల స్థానము మొదట పలుకుదురు. పిదప పదులు, ఆ పిదప నూర్లు. అంకెలు కుడినుండి యెడమకు నడచును. హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనకాలమైన శకవర్షము 1084, అనగా క్రీస్తు శకము 1163, దానిని ఈ పద్ధతిని చెప్పవలెనన్నచో వేద, వసు, గగన, శశి యని చెప్పవచ్చును. ఆ శాసనమున నిట్లే యున్నదని కాదు. పద్ధతి తెలియుటకు చెప్పుచున్నాను. ఒకట్లనుండి మొదలిడుటవలన లాభమేమి? సంఖ్య యెంత పొడవైనను ముందుగా తెలియనక్కరలేదు. వచ్చినంతవరకు వినుచు, ఒక్కొక్కటి యెడమవైపున చేర్చుకొనుచు పోవచ్చును. శకవర్షమను మాట వచ్చినప్పుడు సంఖ్య ముగిసినదని తెలియును. ఆ మాటయే అంచు.

ఇక భిన్నముల సంగతి. పండితుని సంఖ్యలు పూర్ణసంఖ్యలు. రైతునకును, వర్తకునకును కావలసినవి పావులు, అరలు, వీసములు. ఇచ్చట తెలుగు లెక్కగాండ్రు చేసిన యుపాయము ఎంతయు మెచ్చదగినది. ఒకటిని నాలుగు భాగములు చేసిరి. అందొకటి కాలు, రెండు అర, మూడు ముక్కాలు. కాలును మరల నాలుగు చేసిరి. అది వీసము, అనగా పదునారింట నొకటి. వీసమును మరల నాలుగు చేసిరి; అది కాని, అనగా అరువది నాలుగింట నొకటి. ఎంత సూక్ష్మము కావలెనన్న అన్నిమార్లు నాలుగేసి భాగములు చేయుచు పోవచ్చును. పూర్ణసంఖ్యలను పదులతో లెక్కించుచు, భిన్నములను నాలుగులతో లెక్కించుట మనవారి పద్ధతి.

వ్రాయు విధమేమనగా, కాళ్లను నిలువు గీతలతో వ్రాయుదురు: ఒక గీత కాలు, రెండు గీతలు అర, మూడు గీతలు ముక్కాలు. వీసములను అడ్డు గీతలతో వ్రాయుదురు. కానులకు మరల నిలువు గీతలు. దాని క్రిందిదానికి మరల అడ్డు గీతలు. ఇట్లు ఒకటి విడిచి యొకటి దిక్కు మారుచుండును. అర మీద రెండు వీసములు వ్రాయవలెనన్నచో రెండు నిలువు గీతలు, వాటి ప్రక్క రెండు అడ్డు గీతలు. అన్నియు నిలువు గీతలే యైనచో నాలుగు గీతలు వరుసగా నిలిచి, ఏవి కాళ్లో ఏవి వీసములో తెలియకపోవును. దిక్కు మారుటచేత ఒక స్థానము ముగిసినది, మరియొకటి మొదలైనదని కన్నులకే తెలియును. చీనాదేశపు లెక్కపుల్లల విధానమునందును ఇట్లే స్థానస్థానమునకు పుల్లలను నిలువుగాను అడ్డముగాను మార్చి పేర్చెడివారు. ఒకే చిక్కునకు రెండు జాతులవారు ఒకే విరుగుడు కనుగొనిరి.

శూన్యము వచ్చినప్పుడేమి చేయుదురు? నిలువు గీతల స్థానమున ఏమియు లేనిచో దానికి హళ్ళి యని వేరొక గుర్తు కలదు. అడ్డు గీతల స్థానమున ఏమియు లేనిచో మామూలు సున్న యుంచెదరు. హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న యను సామెత మనమందరము వాడుచున్నాము గదా. తెలుగు లెక్కలలో శూన్యమునకు రెండు గుర్తులున్నవని యెరిగినవారికే ఆ సామెత నిండుగా బోధపడును. ఏ స్థానమున చూచినను శేషమేమియు లేదని దాని భావము.

ఈ నాలుగుల లెక్క ఊరకే పుట్టలేదు. ధాన్యపు కొలతలు దానికి తల్లి. తావులనుబట్టి కొలపాత్ర పెద్దదో చిన్నదో కావచ్చును గాని, సాధారణముగా నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. నడుమ తవ్వ, అడ్డ మొదలగునవి సగములు. తూమునకు పైన మాత్రము ఇరువది తూములు ఒక పుట్టి యగును. అక్కడ నాలుగుల నడక ఆగిపోవును. ఇప్పుడు తూములోని గిద్దెలను లెక్కింపుడు. నాలుగు నాలుగులు పదునారు, పదునారు నాలుగులు అరువది నాలుగు, అరువది నాలుగు నాలుగులు 256. తూమునకు 256 గిద్దెలు. ఈ సంఖ్యను మనసునందుంచుకొనుడు. యంత్రములకడ ఇది మరల ఎదురగును.

ఈ లెక్క యెట్లు మరుగునపడినది? స్వతంత్రభారతమున 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, ఆ పిదప కిలోలు, లీటర్లు క్రమముగా శేర్లను, తూములను తొలగించినవి. 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. రూపాయిలో అణా వీసమే గదా. దానికి సరియైన వెల ఆరుంబావు నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు 6 నయాపైసలుగా నిర్ణయించిరి. నాలుగణాలకు మాత్రము సరిగా 25. కావున అణాను నాలుగుమార్లు విడివిడిగా చెల్లించినవాడు 24 పైసలిచ్చును. ఒక్కమారే నాలుగణాలు చెల్లించినవాడు 25 ఇచ్చును. ఒక పద్ధతినుండి మరియొక పద్ధతికి సంఖ్యను మార్చునప్పుడు, గళ్లు చాలనిచో, అంచున నున్న తునక రాలిపోవును. ఈ సూత్రము మరువరానిది. తుదకు 1984లో పటేలు పట్వారీల యుద్యోగములు రద్దుకాగా, తరతరములుగా లెక్కలు నేర్చిన యిండ్లలో ఆ విద్య నేర్పు నవసరమే లేకపోయినది.

ఇక యంత్రములకడకు వత్తము. కంప్యూటరునకు తెలిసిన అంకెలు రెండే: ఒకటి, సున్న. ఆ గడిని బిట్టు అందురు. ఎనిమిది బిట్ల కట్ట బైటు. రెండు బిట్లు చేరినచో నాలుగు విధములగును. కావున నాలుగు నాలుగుల స్థానములు ఒక బైటులో ఇముడును. ఒక బైటు పట్టు విధములెన్ని? 256. మన తూములోని గిద్దెలెన్నియో అన్ని! గిద్దెనుండి తూమునకు ఎక్కు మెట్లును, బిట్టునుండి బైటునకు ఎక్కు మెట్లును ఒక్కటే గణితము. సగములు చేయుచు పోవుట కన్నులకును చేతులకును సులభము. ఉన్నది, లేదు అనుట విద్యుత్తునకు సులభము. అందుచేత ఇరువురును ఒకే తావునకు చేరిరి.

తొలినాళ్లలో యంత్రనిర్మాతలు రెండుదారులను త్రొక్కిరి. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 1959లో 1401 అను యంత్రమును వెలువరించినది. అది చరదైర్ఘ్యపు యంత్రము. అందు ప్రతి యంకె గడికిని ఒక అధికపు బిట్టు గుర్తుగా నుండెను. యంత్రము సంఖ్యను కుడిచివర, ఒకట్ల స్థానమున పట్టుకొని, బడిపిల్లవాడు కూడిక చేయునట్లు ఎడమకు నడచుచు, గుర్తున్న గడిని చేరినంతనే ఆగును. సంఖ్య మూడంకెలదైనను ముప్పది యంకెలదైనను దానికి చింత లేదు. 1961లో బొంబాయిలోని ఎస్సో చమురు సంస్థలో ఈ యంత్రమును నెలకొల్పిరి. 1960ల దశాబ్దిలో మన రైల్వేలు కూడ తమ లెక్కలకు దీనిని వాడినవి.

రెండవదారి స్థిరదైర్ఘ్యము. మన హైదరాబాదునందు 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, అనగా ఇ.సి.ఐ.ఎల్., వెలసినది. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో వెలువడినది. దానిని నిర్మించి యితరులకందించినది ఈ సంస్థయే. అందలి మాటకు పన్నెండు బిట్లు; అనగా ఒక గడియందు 4,096 విధములే యిముడును. అంతకు మించిన సంఖ్య కావలెనన్నచో, దానిని రెండు గళ్లుగా విరిచి పనిచేయించుట మనుష్యుని భారము. స్థిరదైర్ఘ్యము వేగము గలది, చౌకైనది. అందుచేతనే లోకమునందు అది గెలిచినది. ఐతే గెలిచినదానివలన కలిగిన కష్టములను కూడ చెప్పవలసియున్నది.

మొదటిది 2000 సంవత్సరపు చిక్కు. వెనుకటి యంత్రములలో చోటు మిగుల ప్రియమగుటచేత సంవత్సరమును రెండంకెలతో వ్రాసిరి. 1975 అనుటకు 75. రెండే గళ్లు. 1999 పిదప 00 వచ్చినచో అది 1900 అగునో 2000 అగునో యంత్రమునకు తెలియదు. వడ్డీలు, పింఛనులు, విమానముల వేళలు తారుమారగునను భయమున 1990ల చివర లోకమంతటను కోట్లకొలది పంక్తుల యంత్రలిఖితమును తిరిగి పరిశీలింపవలసి వచ్చినది. ఆ పనికై అమెరికాకు పోయిన భారతీయులలో తెలుగు బిడ్డలు అనేకులు. అమీర్‌పేట వీధులలో కంప్యూటరు పాఠములు వెలసిన కాలమదియే. రెండు గళ్లు తగ్గించి వ్రాసిన పూర్వుల పొదుపు, ముప్పది యేండ్ల పిదప మన పిల్లలను సముద్రములు దాటించినదనిన అతిశయోక్తి కాదు.

రెండవది నష్టము కలిగించినది. 1996 జూను 4వ తేదీన ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన నిమిషములోపలనే ముక్కలైనది. అరువది నాలుగు బిట్ల సంఖ్యయొకటి పదునారు బిట్ల గడిలోనికి చొప్పింపబడినది, అది పట్టలేదు. కుంచములో తూమెడు గింజలు పోసినట్లయినది.

మూడవది ప్రాణములు తీసినది. 1991 ఫిబ్రవరి 25వ తేదీన, గల్ఫు యుద్ధకాలమున, సౌదీ అరేబియాలోని దహ్రానునందు ఎదురువచ్చు క్షిపణిని అడ్డగింపవలసిన పేట్రియట్ యంత్రము దానిని గుర్తింపలేకపోయినది. 28మంది అమెరికా సైనికులు మరణించిరి. కారణమేమి? ఆ యంత్రము కాలమును సెకనులో పదవవంతులుగా లెక్కించుచుండెను. పదవవంతు మనకు సులభము. సగముల లెక్కయందు మాత్రము అది యెన్నటికిని ముగియని భిన్నము. మన కాలు వీసముల లెక్కలోనే వ్రాసి చూడుడు: కాళ్లు లేవు, హళ్ళి, వీసము ఒకటి, కానులు రెండు, పిదప మరల ఒకటి, మరల రెండు, ఒకటి, రెండు, ఇట్లు అంతము లేక సాగును. యంత్రమునందు ఇరువది నాలుగు బిట్ల గడి యుండుటచేత మిగిలినదానిని త్రుంచివేసిరి. రాలిన తునక సెకనులో కోటవవంతుకంటెను తక్కువ. ఐనను యంత్రము నూరు గంటలపాటు ఆగక నడచుటచే ఆ తునకలు కూడి సెకనులో మూడవవంతైనది. క్షిపణి యంతలో అరకిలోమీటరునకు మించి సాగిపోవును. అణాకు రాలిన పావు పైసయు, ఇచ్చట రాలిన తునకయు ఒకే జాతివి. మన జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయిన కుటుంబములకు ఆ యుద్ధపు దినములు జ్ఞప్తియందుండును.

ఇట్టి యనుభవములచేత కొన్ని తావులయందు చరదైర్ఘ్యము మరల ఆదరణకు వచ్చినది. నేడు యంత్రములు ఒకదానికొకటి సంఖ్యలను పంపునప్పుడు వాడు పద్ధతియొకటి యిట్లుండును. ప్రతి బైటులోను ఏడు బిట్లు సంఖ్యకు, ఎనిమిదవది గుర్తునకు. ఆ గుర్తు ఒకటియైనచో, సంఖ్య ఇంకను ఉన్నది. సున్నయైనచో, ఇంతటితో ముగిసినది. 300 పంపవలెనన్నచో, మొదట 44 పంపి ఇంకను ఉన్నదని చెప్పును. పిదప రెండు పంపి, ముగిసినదనును. రెండు నూట ఇరువది యెనిమిదులు 256, దానికి 44 చేర్చినచో 300. చిన్న స్థానము ముందు, పెద్ద స్థానము వెనుక. ఇది మన భూతసంఖ్యల నడకయే. గూగుల్ సంస్థ 2008లో లోకమునకు వెల్లడించిన విధానములో సంఖ్యలు ఇట్లే ప్రయాణము చేయును.

అక్షరములు కూడ యంత్రమునకు సంఖ్యలే. లోకభాషల యక్షరములన్నిటికి ఒక్కొక్క సంఖ్య నిచ్చు యూనికోడు 1991లో వెలువడగా, మొదటినుండియే తెలుగునకు అందు చోటు దొరికినది. ఆ సంఖ్యలను వ్రాయు చరదైర్ఘ్యపు విధానమును కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇరువురు 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని యొక భోజనశాలలో, బల్లమీది కాగితముపైననే రూపొందించిరి. దానిని యు.టి.ఎఫ్. 8 అందురు. అందు మొదటి బైటు, పెండ్లివారి ముందు వచ్చిన పెద్దమనిషివలె, తన వెనుక ఎందరున్నారో ముందే చెప్పును. ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటు చాలును. మన యక్షరములలో ప్రతి హల్లునకును, ప్రతి గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు కావలెను. తెలుగు అను మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు. ఆరు మూళ్లు పదునెనిమిది బైట్లు. అదే మాట ఆంగ్లాక్షరములలో ఆరు బైట్లు. ఇది మనకు కొంత భారమే గాని, ఒకే విధానములో లోకభాషలన్నియు ఇముడుట దానికి ప్రతిఫలము.

శుభవార్తయొకటి కలదు. యూనికోడు 5.1వ కూర్పులో, 2008లో, మన భిన్నాంకములకు చోటిచ్చిరి. నిలువు గీతలు మూడు, అడ్డు గీతలు మూడు, హళ్ళి యొకటి, వాటితోపాటు తూము గుర్తును చేరినది. మొగలుల నాటినుండి ఫారసీ, ఉర్దూ లెక్కలలో వాడిన సియాఖ్ అంకెలకు 2018లో చోటు దొరికినది. గుర్తులు బ్రతికినవి, వాటిని చదువువారే అరుదైరి.

నూతనమైన ప్రయత్నమును గూర్చి యొక మాట. జాన్ గుస్టాఫ్సన్ అను అమెరికా పండితుడు 2015లో గ్రంథమొకటి ప్రకటించి, భిన్నసంఖ్యలకు కూడ చరదైర్ఘ్యమే ఉండవలెనని వాదించెను. ఆయన విధానమున సంఖ్య చివర ఒక బిట్టు, ఈ సంఖ్య సరియైనదా, లేక దీనివెనుక ఇంకను కొంత కలదా యని తెలుపును. మన వర్తకులు నూటపైచిలుకు అనునప్పుడు చేయుచున్న పని యదియే. తెలియనిదానిని తెలియదనుట లెక్కకు లోపము కాదు. త్రుంచి, త్రుంచలేదనుట లోపము.

ఇదంతయు మనకేల యందురేమో. మీ యింటి పట్టాదారు పాసుపుస్తకమును తీసి చూడుడు. మన తెలంగాణమున నలుబది గుంటలు ఒక ఎకరము. గుంటకు 121 చదరపు గజములు. ఎకరము ముప్పది గుంటలను 1.30 అని వ్రాయుట వాడుక. ఆ చుక్క దశాంశపు చుక్క కాదు. 1.30 అనగా ఒకటియు ముప్పది నలుబదులు, అనగా ఒకటి ముక్కాలు. దశాంశముగా చదివినచో ఒకటియు మూడు పదులే యగును. అంతేకాదు, దానిని దశాంశమని తలచిన యంత్రము చివరి సున్నను వ్యర్థమని తీసివేసి 1.3 అని చూపును. అప్పుడు చదువువాడు దానిని ఎకరము మూడు గుంటలనవచ్చును. ఇరువది యేడు గుంటలు ఒక సున్నతో పోయినవి! సంఖ్యకు అంచు ఎక్కడనో చెప్పని వ్రాత యిట్టి చిక్కులు తెచ్చును. హళ్ళికి వేరు గుర్తు పెట్టిన పెద్దల జాగ్రత్త ఇక్కడ విలువ తెలుపుచున్నది.

కావున పెద్దలకు నా విన్నపము లివి. భూమి లెక్కను వ్రాయించునప్పుడు ఎకరములు, గుంటలు అని మాటలతో వ్రాయించుడు. గుంటలను ఎల్లప్పుడును రెండంకెలతో, మూడును 03 అని వ్రాయించుడు. కంప్యూటరు కాగితము చేతికి వచ్చినప్పుడు పాత పహాణితో అంకెకంకె సరిచూచుకొనుడు. ఇక మీ యటుకులమీద, పెట్టెలలో, తాతలనాటి ధాన్యపు చిట్టాలు, అప్పుపత్రములు ఉన్నచో వాటిని చెదలకు విడువకుడు. వాటియందలి నిలువు గీతలు, అడ్డు గీతలు చదువగల పెద్దలు ఊరికి ఒక్కరున్నను చాలును. వారియొద్ద కూర్చుండి, ఏ గుర్తునకు ఏ కొలత, ఆ యూరి కుంచమునకు ఎన్ని మానికలు అని పిల్లలచే వ్రాయింపుడు. గుర్తులు నేడు ఫోనునందు కూడ వ్రాయవచ్చును. వాటి యర్థము మాత్రము యంత్రమునందు లేదు, మీయందున్నది. అది మీతోనే పోకుండ చూచుట మనందరి ధర్మము.

స్వస్తి.